ఔట్‌స్టేషన్ డ్యూటీ

మా ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు మొదటి గ్లాసుని ఒకటి అనకూడదు. లాభం అనాలి. లాభం, రెండు, మూడు. ధాన్యం కొలిచే ప్రతిచోటా ఉన్న అలవాటే ఇది, మా అత్తయ్య ఒక్కరే కనిపెట్టింది కాదు. కాకపోతే ఆవిడకు పట్టింపు ఎక్కువ. పెళ్లైన కొత్తలో నేను పొయ్యి దగ్గర నిలబడి ఒకటి, రెండు అని కొలుస్తుంటే హాల్లోంచి కేకేసేవారు. కామర్స్ చదివిన దాన్ని కదా, లాభం అనేది ఏడాది చివర తేలాలి గానీ మొదటి గ్లాసుకే ఎలా వస్తుందండీ అని నవ్వేదాన్ని. ఆ నవ్వు ఎక్కువ కాలం సాగలేదు. నాలుగో నెలలో నాకు గర్భం పోయినప్పుడు, చూడ్డానికి వచ్చిన బంధువులతో అత్తయ్య అన్న మాట నేను గదిలో పడుకుని విన్నాను. "ఒకటీ ఒకటీ అంటూ ఉండేదమ్మా. చెబితే వినదు. చివరికి ఆ ఒకటీ నిలవలేదు." అప్పట్నుంచి నేను నోరు మూసుకుని లాభం అంటున్నాను. రోజూ పొద్దున్నే, గ్లాసు డబ్బాలో ముంచగానే, అత్తయ్య అన్న ఆ మాట గుర్తొస్తుంది. అయినా అంటాను.

ఆ రోజు కూడా అన్నాను. కుక్కర్ పెట్టి, దోసెలకు పప్పు నానబోసి, ఉదయ్ డబ్బా సర్ది, బ్యాగు భుజాన వేసుకుంటుంటే ఇంత పొద్దున్నే ఎక్కడికని అడిగాడు. దుమ్ముగూడెం అవతల ఒక బీడీ ఆకు గోడౌన్‌కి, స్టాక్ చూడ్డానికి అన్నాను. "మూడేళ్లకు మీ సారుకి గుర్తొచ్చిందా, నీకు కాళ్లున్నాయని?" అని నవ్వాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. ఇలాంటివి నవ్వుతూనే అంటాడు. టీ పెట్టడానికి ఖమ్మంలో అంత దూరం వెళ్లాలా, ఇంట్లో పెట్టినా మూడేళ్లకు ఇంతే వచ్చేది అని ఒకసారి భోజనాల దగ్గర అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ట్రైనింగ్ అయిపోగానే మన పామాయిల్ తోట లెక్కలు ఇంట్లోనే కూర్చుని చూసుకోవచ్చని కూడా ఎప్పుడో నిర్ణయించేశాడు. సాయంత్రం పప్పు రుబ్బాలి, ఆలస్యం చేయకు అని అత్తయ్య లోపల్నుంచి గుర్తుచేశారు.

నవ్వినంత మాత్రాన ఆ మాట అబద్ధం కాదు. అదే నాకు మంట. ఆడిటర్ చెంచురామయ్య గారి ఆఫీసు వైరా రోడ్డులో, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. సీఏ కోసం చేయాల్సిన మూడేళ్ల ట్రైనింగ్, అదే ఆర్టికల్‌షిప్‌కి చేరిన రోజున సారు, నువ్వు నా కూతురులాంటి దానివమ్మా అన్నారు. పొంగిపోయాను. సొంత కూతుర్ని ఆయన ట్రైనింగ్‌కి హైదరాబాద్‌లో ఇంకో ఆఫీసులో చేర్పించారని తర్వాత తెలిసింది. ఈ మూడేళ్లలో నేను నేర్చుకున్న విద్య ఏమిటయ్యా అంటే, బిల్లులు స్కాన్ చేయడం, క్లయింట్లకు ఫోన్ చేసి ఓటీపీ చెప్పండి సార్ అని బతిమాలడం, సారుకు బీపీ మాత్ర గుర్తుచేయడం, హోటలు మూసి ఉన్న రోజున వచ్చినవాళ్లకు టీ పెట్టడం. నాతోపాటే చేరిన అనిల్‌కుమార్ కొత్తగూడెం, పాల్వంచ, అశ్వారావుపేట తిరిగి ఆడిట్లు చేసుకొచ్చేవాడు. నేను అడిగితే సారు, ఆడపిల్లవి, అడవి దార్లు, నీకెందుకమ్మా ఆ అవస్థ అనేవారు. ఎంత ప్రేమగా అనేవారంటే, తిరిగి అడగడానికి నాకే సిగ్గేసేది.

పరీక్షలో స్టాక్ వెరిఫికేషన్ ఎలా చేయాలని అడిగితే రెండు పేజీలు గడగడా రాస్తాను. ఒక్క బస్తా మీద చెయ్యి వేసింది లేదు. హైదరాబాద్ నుంచి నా స్నేహితురాలు మనోజ్ఞ ఫోన్ చేసి, ఏ ఫ్యాక్టరీలో ఎవరు ఎలా మాయ చేశారో, తను ఎలా పట్టుకుందో చెబుతుంటే ఊ, ఊ అంటాను. ఇంకొన్నాళ్లలో ఆర్టికల్‌షిప్ అయిపోతుంది. పరీక్ష పాసైతే నా పేరు పక్కన రెండక్షరాలు వస్తాయి, ఎవరో నన్ను నమ్మి ఒక పని అప్పగిస్తారు. నా భయమంతా అదే. పాసు కాకపోతే అని కాదు, పాసైతే అని.

ఇక ఆ గోడౌన్ సంగతి. నాకు గర్భం పోయింది ఆఫీసు మెట్ల మీదే. చేరిన మొదటి వేసవి, కింద కారులోంచి ఫైళ్ల కట్టలు పైకి మోస్తుంటే నొప్పి మొదలైంది. ఉదయ్ ఆస్పత్రిలో నా పక్కన కూర్చుని, పర్లేదులే, మళ్లీ చూద్దాం అన్నాడు, బస్సు తప్పిపోయినట్టు. అప్పటికే నేను బిడ్డకు పేరు పెట్టుకున్నాను. లిఖిత. ఆడపిల్లే అని నాకెందుకో గట్టి నమ్మకం. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు, ఉదయ్‌కి కూడా. చెప్పడానికి టైముందిలే అనుకున్నాను. ఆ సాయంత్రం సారు ఫోన్ చేశారు. సెలవులు ఎక్కువైతే ట్రైనింగ్ పొడిగించాల్సి వస్తుంది, అందుకని నువ్వు దుమ్ముగూడెం గోడౌన్‌కి ఔట్‌స్టేషన్ డ్యూటీ వెళ్లినట్టు రాయించాను, హాయిగా పడుకోమ్మా అన్నారు. మా ఇంట్లో అందరూ ఆయన్ని దేవుడన్నారు. అత్తయ్య ఆవకాయ జాడీ పంపించారు. నా కడుపు ఖాళీ అయిన రోజున నేను అడవి అంచున బీడీ ఆకు బస్తాలు లెక్కపెడుతున్నాను. కాగితం మీద.

అది ఆ ఒక్కసారే అనుకున్నాను. మొన్న సారు పిలిచి గోడౌన్‌కి వెళ్లి రమ్మనేదాకా నాకు తెలియదు. బాబూరావు గారని ఒక ఆకు కాంట్రాక్టరు. ఆయన గోడౌన్లో ఎంత సరుకుందో మూడు నెలలకోసారి మా ఆఫీసు చూసి, ఆ సరుకు మీద అప్పిచ్చిన బ్యాంకుకు రాసివ్వాలి. ఈసారి బ్యాంకువాళ్లు, లెక్కపెట్టిన మనిషి బస్తాల ముందు నిలబడ్డ ఫొటో కూడా కావాలన్నారట, ఎక్కడ తీశారో ఫొటో మీదే తెలిసేలా. అనిల్‌ని పంపండి సార్, అతను వెళ్లే చోటేగా అన్నాను. సారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. బయటికొచ్చాక అనిల్ తల గోక్కుంటూ చెప్పాడు. "మొదటిసంది మీ పేరే ఉన్నది మేడమ్, ప్రతిసారి. నిజానికి ఎవరం పోలే. బాబూరావు సారు ఫోన్ల చెప్పేది, మేం రాసేది." నేను స్కానర్ దగ్గర నిలబడి ఉన్న రోజుల్లో నా పేరు అడవికి వెళ్లి వస్తోందన్నమాట. ఫొటో దిగి వచ్చెయ్, అంతే అన్నారు సారు.

ఖమ్మం నుంచి భద్రాచలం బస్సు, అక్కడ్నుంచి ఆటో. గోదావరి ఇసుక తేలి, ఒక పక్కకు ఒదిగి పారుతోంది. దుమ్ముగూడెం దాటాక రోడ్డు సన్నబడింది. ఇప్పపూలు రాలే రోజులు, ఆ తియ్యటి వాసన ఆటోలోకి వచ్చి తల దిమ్మెక్కించింది. ఊరు దాటి ఆటో ఆగిన చోట ఆకులు రాల్చిన టేకు చెట్లు, వాటి మధ్య రేకుల షెడ్డు. ఆటో వెళ్లిపోయాక చీపురు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఊడుస్తున్న ఆవిడ జంపక్క. భర్త సీతయ్య ఈ గోడౌన్ కాపలాదారు, ఇద్దరిదీ ఆ పక్క గూడెమే. ఈ వివరం తర్వాత తెలిసింది. అప్పటికి నాకు ఆవిడెవరో తెలియదు. ఆవిడకు మాత్రం నేను తెలుసు. నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోకుండా చీపురు గోడకు ఆనించి, లోపల్నుంచి స్టూలు తెచ్చి, గుమ్మం పక్కన నీడపట్టున ఒక చోట చూసి మరీ వేసింది.

"వచ్చినవా అమ్మా. ఈపాలి ఆలస్యమైంది," అంది. తర్వాత నా వెనక్కి, రోడ్డు వైపు తొంగి చూసింది. "పాపను తోల్కరాలే?"

ఎవరనుకుంటోందో పాపం అనుకున్నాను. నాకు పాప లేదు, నేనిక్కడికి రావడం ఇదే మొదటిసారి, ఖమ్మం ఆడిట్ ఆఫీసు నుంచి వచ్చాను అని చెప్పాను. అవ్, ఖమ్మం మేడమే కదా అంది ఆవిడ. ఏ పాప అని అడిగాను.

"గదే, లిఖిత."

స్టూలు మీద ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. ఆ పేరు నా నోట ఎన్నడూ బయటికి రాలేదు. ఇంట్లో గోడలకు కూడా తెలియదు. కాసేపటికి మంచినీళ్లు అడిగాను. జంపక్క కదల్లేదు. షెడ్డు మూలన నిలబడి ఉన్న సీతయ్య వైపు చూసింది, ఇద్దరూ వాళ్ల భాషలో తగ్గు గొంతుతో ఏదో అనుకున్నారు. నీళ్లు తాగవు గద నువ్వు, ఎన్నిసార్లిచ్చినా ముట్టలే అంది. అయినా వెళ్లి చెంబుతో తెచ్చింది. నేను తాగుతుంటే నీళ్లు నా గొంతులోంచి దిగడం చూస్తూ నిలబడింది. తర్వాత నెమ్మదిగా నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

"నువ్వు వేరే," అంది. "నీ చెయ్యి ఎచ్చగున్నది. పాప చెయ్యి ఒకపాలి పట్టుకున్న. ఎండిన ఆకు లెక్క ఉండె."

నేను అడగకుండానే చెప్పుకుంటూ పోయింది, భయపెట్టడానికి కాదు, ఊళ్లో సంగతులు చెప్పినట్టే. మొదటిసారి ఆమె ఒక్కతే వచ్చిందట, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని. తర్వాత చంకలో పసిదాన్ని వేసుకుని వచ్చింది. ఆ తర్వాత వేలు పట్టించి నడిపించుకుంటూ. ఆటో చప్పుడు గానీ బండి చప్పుడు గానీ ఉండదట. ఊడుస్తూ తలెత్తితే గుమ్మంలో ఉంటుంది. తాళం తీసేది సీతయ్యే, అయినా తీసిన సంగతి అతనికెప్పుడూ గుర్తుండదట. ఆమె ముఖం నా ముఖమే, జడ నా జడే. పెన్ను మూత పళ్ల మధ్య పట్టుకుంటుందని జంపక్క చేసి చూపించింది. ఆ అలవాటు మానిపించాలని మా అమ్మ నన్ను ఎన్నిసార్లు తిట్టిందో. బాబూరావు గారికి చెప్పలేదా అని అడిగితే, కాగితం మీద నీ పేరున్నదన్నరు గద, పేరున్న మనిషి వస్తది, చెప్పుడేంది అంది.

ఏం చేస్తుందామె అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పని చేస్తుందట. చీర కొంగు బిగించి బస్తాల మీదికి ఎక్కుతుంది. వరుసల వెనక్కి, అందరూ వదిలేసే చీకటి మూలకు వెళుతుంది. బస్తా మూతి విప్పి, చెయ్యి లోపలిదాకా పెట్టి, అడుగున ఉన్న ఆకు తీసి వాసన చూస్తుంది. సీతయ్య పక్కన నిలబడి ఏమన్నా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, నా లెక్క నన్ను చేసుకోనీ అన్నట్టు చూస్తుంది. "ఒకటంటది. పాప రెండంటది. మాకు మొదటిది లాభమనుడు అలవాటు. ఆమె అనది. ఒకటే అంటది," అంది జంపక్క. అని, ఏదో ముద్దుమాట గుర్తొచ్చినట్టు నవ్వింది.

నాకు భయం వేయాలి. వేసింది కూడా. కానీ దానికంటే ముందు అసూయ వేసింది. కాగితం మీద ఉన్న నాకు అన్నీ ఇచ్చారు. అడవి దార్లు ఆమెకు ప్రమాదం కాలేదు. ఆమెను ఎవరూ కూతురులాంటి దానివని ఆపలేదు. మూడేళ్లపాటు వెళ్లాల్సిన చోటికల్లా వెళ్లింది, ఎక్కాల్సినవి ఎక్కింది, తన విద్య తను నేర్చుకుంది. నా బిడ్డ ఆమె చంకలో పెరిగింది. నేను ఆ మూడేళ్లూ ఫ్యాను కింద కూర్చుని ఓటీపీలు అడిగాను, పొద్దున్నే లాభం అన్నాను. మా ఇద్దర్లో లేనిది ఎవరు అని ఆలోచిస్తే, జవాబు నాకు తెలిసిపోయింది. ఏడుపొచ్చింది. జంపక్క వచ్చి పక్కన కూర్చుంది, అది చాలనిపించింది.

సీతయ్య తాళం తీశాడు. ఈసారి తీశానని తనకు తనే చెప్పుకున్నట్టు తాళం చెవి రెండుసార్లు చూసుకున్నాడు. లోపల చీకటి, ఎండకు రేకులు టిక్ టిక్‌మంటున్నాయి. ముందు వరుసలు పైకప్పు దాకా ఉన్నాయి. వాటి వెనక ఏముందో కనబడదు. ఎండు ఆకు వాసన, కొంచెం పొగాకులాగా, కొంచెం పాత చీరల పెట్టెలాగా. గాలి లేకపోయినా ఎక్కడో బస్తాల్లో ఆకులు సర్దుకుంటున్న చప్పుడు వస్తోంది. నేల మీద దుమ్ములో అడుగులు కనిపించాయి. పెద్దవాటి పక్కన నా కాలు పెట్టి చూశాను, సరిపోయింది. చిన్నవి వాటి పక్కనే ఉన్నాయి, వరుసల సందులోంచి వెనక్కి వెళ్లాయి. పెద్దవి తిరిగి వచ్చాయి. చిన్నవి రాలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. సారు. ఫొటో ఇంకా పంపలేదేమ్మా, బ్యాంకువాళ్లు అడుగుతున్నారు అన్నారు. లెక్కపెట్టి పంపుతాను సార్ అన్నాను. ఆయన నవ్వారు, నిజంగా ఆప్యాయంగానే.

"అది నీకు రాదు కదమ్మా."

"రాదు సార్. నేర్పలేదు కదా."

ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. ముందు వరుస దగ్గర నిలబడి ఫొటో దిగమన్నారు. వెనక్కి వెళ్లొద్దు, పురుగూ పుట్రా ఉంటాయి అన్నారు. పోయినసారి ఎంత రాశామో ఈసారీ అంతే రాసేస్తాం, నీ కంప్లీషన్ ఫారం నా టేబుల్ మీదే ఉంది, పొద్దున్నే సంతకం పెట్టేద్దామనుకుంటున్నాను అన్నారు. ఆ సంతకం లేకపోతే నా మూడేళ్లూ నీళ్లపాలు. అది నాకు తెలుసని ఆయనకు తెలుసు. బాబూరావు గారు పాత క్లయింటు, ఇక్కడి లెక్క తేడా వస్తే ఆయన సారును వదిలి పోతాడు. అదీ నాకు తెలుసు. ఇంటికి వెళ్లి చెబితే ఉదయ్ ఏమంటాడో, అత్తయ్య ఎవరెవరికి ఫోన్లు చేస్తారో అన్నీ ఒక్కసారే చెవుల్లో వినిపించాయి. ఫొటో దిగడానికి ఒక్క నిమిషం చాలు. దిగితే, రేపట్నుంచి కూడా కాగితం మీది ఆమే వెళుతుంది. పరీక్ష పాసయ్యేది ఆమే, సంతకాలు పెట్టేది ఆమే. నేను బియ్యం కొలుస్తుంటాను.

"హైమా, వింటున్నావా?" అన్నారు సారు.

"పోయినసార్లు వచ్చినామె ఈసారి రాలేదు సార్," అన్నాను. "నేనొచ్చాను."

ఏంటమ్మా అది, ఏమంటున్నావు అని ఆయన అడుగుతూనే ఉన్నారు. ఫోన్ ఆపి బ్యాగులో వేశాను. చున్నీ నడుముకు బిగించి కట్టుకున్నాను. సీతయ్య లైటు వేయబోతే కరెంటు లేదు. పోనీలే అన్నాను. జంపక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది, లోపలికి రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, వరుసలెలా లెక్కేస్తారో, పైకి ఎలా ఎక్కుతారో నాకేమీ తెలియదు. పుస్తకంలో రాసిన రెండు పేజీల్లో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. సందులోంచి వెనక్కి నడిచాను, దుమ్ములో ఉన్న అడుగుల మీద అడుగులు వేయకుండా, పక్కనుంచి. చిట్టచివరి వరుస దగ్గర ఆగి, అన్నిటికంటే కింద ఉన్న బస్తా మీద చెయ్యి వేశాను. గోనె గరుకుగా, నిజంగా ఉంది. అలవాటైన నోరు లాభం అనబోయింది. ఆపాను.

"ఒకటి," అన్నాను, మా ఇంటి హాల్లోకి వినబడేంత గట్టిగా.

బస్తాల వెనక చీకట్లోంచి చిన్న గొంతు ఒకటి, ఎప్పట్నుంచో తన వంతు కోసం కాచుకుని ఉన్నట్టు, "రెండు," అంది.

గుమ్మంలో జంపక్క గాజులు గలగలమన్నాయి. నేను అటు తిరిగి చూడలేదు. తిరిగితే లెక్క తప్పుతుంది. చెయ్యి జరిపి, రెండో బస్తా దాటి, తర్వాతి దాని మీద వేశాను.

"మూడు," అన్నాను.